సంతోషి పెండ్లికి అయ్యగారు

మన్సూరాబాద్,
21 ఆగస్టు 2011.

అన్నకు, వదినకు తిరుపతి దండాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్ చేద్దామనుకున్నాను గాని, నీ చెవులు పోయినప్పటి నుంచి మన ఫోన్లు ఎట్లా నడుస్తున్నాయో నీకు తెలుసు. నేను చెప్పింది వదిన వింటుంది, ఆమె నీ చెవిలో అరుస్తుంది, నువ్వు ఇంకోదానికి జవాబు చెప్తావు. పోయినసారి బియ్యం పంపమంటే, నేనేదో పస్తులున్నాననుకుని అరగంట ధైర్యం చెప్పావు. అందుకే ఈ ఉత్తరం.

మన బిడ్డ సంతోషికి సంబంధం ఖాయమైంది. పిల్లవాడి పేరు కృష్ణ. మనవాళ్లే. దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. తండ్రి చక్రపాణి బ్యాంకులో క్లర్కు. ముప్పై ఏళ్ల కింద దేవరకొండ దిక్కు నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. నవంబర్ 16 బుధవారం, పొద్దున పదీ నలభైకి ముహూర్తం. ఎల్బీనగర్ దగ్గర ఫంక్షన్ హాలు మాట్లాడాను.

చక్రపాణి కట్నం అడగలేదు. అడిగింది ఒక్కటే. "పెండ్లి చేసేటాయన మాత్రం జర మంచిగుండాలె బావా. మా బ్యాంకోళ్లంత వస్తరు" అన్నాడు.

ఇక్కడ పెండ్లి చేయించడానికి ఎంత తీసుకుంటారో కనుక్కున్నాను. ఐదు వేల నుంచి పాతిక వేల దాకా ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకాయన అచ్చు వేయించిన కాగితమే చేతిలో పెట్టాడు. వెండి, బంగారం, వజ్రం అని మూడు రకాలు. వెండి అంటే ఒక్కడే వస్తాడు, గంటన్నరలో ముగిస్తాడు. వజ్రం అంటే నలుగురొస్తారు, మంత్రాలకు ఇంగ్లీషులో అర్థం కూడా చెప్తారు. హాలు, భోజనాలు, బట్టలు, పుస్తెమట్టెలు పోను నాకు ఈ ఖర్చుకు తొమ్మిది వేలకంటే మిగలదు. తొమ్మిది వేలు సరిపోతాయంటావా? నీకు ఈ పని తెలుసు కాబట్టి అడుగుతున్నాను. ఏమనుకోకుండా రాయి.

నీ తమ్ముడు
తిరుపతి


బొమ్మలబావి,
29 ఆగస్టు 2011.

చిరంజీవి తిరుపతిని, సుమిత్రను, సంతోషిని అన్న బక్కయ్య వేయి విధాల దీవించి రాస్తున్నాడు.

మన ఇంటి ఆడపిల్లకు ముహూర్తం కుదిరిందని చదవగానే నీ వదిన కిష్టమ్మ చేట పక్కన పెట్టి ఏడ్చింది. సంతోషంతోనే.

నీ మీద మాత్రం నాకు కోపం వచ్చింది. తొమ్మిది వేలు సరిపోతాయా అని నన్ను అడుగుతావా? నేను బయటివాడినా? నలభై ఏళ్లుగా మన ఊళ్లోనూ చుట్టూ పన్నెండు ఊళ్లలోనూ మన మాలోళ్ల పెండ్లిళ్లు చేస్తున్నాను. నాకు ముందు నాయిన చేశాడు, ఆయనకు ముందు తాత చేశాడు. బ్రాహ్మణుడు మన వాడకు రాని కాలంలో మన పెండ్లిళ్లు ఆగాయా? దాసరి ఉన్నాడు కాబట్టి ఆగలేదు. ఆ దాసరి ఇంటి పిల్లకు పెండ్లి చేస్తూ దాసరి పైసలు తీసుకుంటాడా? ఐదు సేర్ల బియ్యం, ఒక కొబ్బరికాయ, ఒక ధోవతి. ధోవతి కూడా నీ ఇష్టం.

బ్యాంకువాళ్లు వస్తారని చక్రపాణి జంకుతున్నట్టుంది. ఫికర్ పడవద్దని చెప్పు. ఒకసారి నేను చేసిన పెండ్లికి తహసీల్దారు వచ్చి, అక్షింతలు వేసి వెళ్లిపోదామనుకున్నవాడు చివరిదాకా కూర్చున్నాడు.

శంఖం తోమి పెట్టాను. రోజూ పొద్దున కొట్టంలో కూర్చుని అంతా మొదటి నుంచి చదువుకుంటున్నాను. గొంతు తగ్గించమని, బర్రె బెదురుతున్నదని కిష్టమ్మ చేతులు ఊపుతుంది. బర్రె సంగతి దానికి తెలుసు, మంత్రం సంగతి నాకు తెలుసు.

మీ మేలు కోరే
బక్కయ్య


మన్సూరాబాద్,
11 సెప్టెంబర్ 2011.

అన్నా, దండాలు.

నీ ఉత్తరం వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. కోఠి ట్రిప్పుల మధ్యన రెండుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. నేను అడిగింది ఒకటి, నీకు అర్థమైంది ఒకటి. తప్పు నాదేలే, సరిగ్గా రాయలేదు.

చక్రపాణి అడిగేది ఇక్కడి అయ్యగారిని. ఆ మూడు రకాల కాగితం ఆయనను వదిలేసి మన్సూరాబాద్‌లోనే ఇంకొకాయన దగ్గరికి పోయాను. "మీరేం చేస్తుంటారు?" అన్నాడు. కండక్టరునన్నాను. "అది ఉద్యోగం. నేనడిగేది అది కాదు" అన్నాడు. నేను నసుగుతూ ఉంటే, ముందున్న డైరీ మీద చెయ్యి పెట్టి "ఆ రోజు ఖాళీ లేదు" అన్నాడు. డైరీ తెరవనే లేదు అన్నా. ఇరవై రెండేళ్లుగా ఈ పట్నంలో లక్షల మంది చేతుల్లో టికెట్లు పెట్టాను. ఒక్కరు కూడా నా కులం అడగలేదు.

మూడో ఆయన శ్రీరామమూర్తిగారు. గుంటూరు వైపు మనిషి, ఇరవై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉంటున్నాడు. వయసు అరవై దాటింది. తేదీ అడిగాడు, పిల్లల పేర్లు అడిగాడు. "తొమ్మిది వేలండీ. సామాను మాత్రం మీరే తెచ్చుకోవాలి" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఆయన భార్య వేదవతమ్మ స్టీలు గ్లాసులో మజ్జిగ ఇచ్చింది. మూడు వేలు బయానా ఇచ్చి వచ్చాను. ఆయన ఇంటి చిరునామా వెనక రాశాను, నీకు మాట్లాడాలనిపిస్తే ఒక కార్డు రాయి.

మండపంలో ఆయన ఉంటాడు, నువ్వూ ఉంటావు. పెదనాయినవు కాబట్టి నీకు ముందు కుర్చీ. అర్థం చేసుకుంటావనుకుంటాను.

ఎల్లుండి నుంచి సకల జనుల సమ్మె. మా ఆర్టీసీ కూడా దిగుతుందంటున్నారు. దిగితే జీతం ఉండదు. తెలంగాణ రావాలి, సంతోషి పెండ్లి కావాలి. రెండూ ఈ నాలుగు నెలల్లోనే వచ్చి పడ్డాయి.

తిరుపతి


బొమ్మలబావి,
20 సెప్టెంబర్ 2011.

చిరంజీవి తిరుపతికి బక్కయ్య దీవెనలు.

ఇప్పుడు అర్థమైంది. ఇద్దరం కలిసి చేయాలన్నమాట. ముందే ఆ మాట రాయవచ్చు కదా!

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక బ్రాహ్మణుడు, ఒక దాసరి ఒకే మండపంలో కూర్చుని పెండ్లి చేస్తారని మన తాత కలలో కూడా అనుకుని ఉండడు. తెలంగాణ వస్తే రోజులు మారుతాయని మన పోరగాండ్లు అంటుంటే నేను నమ్మలేదు. రాకముందే మారుతున్నాయి.

పని పంచుకోవడంలో నాకు పట్టింపు లేదు. గణపతి పూజ, జీలకర్ర బెల్లం ఆయననే చేయనీ. పుస్తె కట్టే ముందు రెండిండ్ల పెద్దల పేర్లు ఏడు తరాలు చెప్పే భాగం మాత్రం నాది. అది ఆయనకు రాదు, వాళ్లవాళ్ల ఊళ్లకు పోయి అడిగి తెలుసుకోవాల్సింది. మన ఇంటివి నాకు నోటికి వచ్చు. చక్రపాణి ఇంటివి తెలియవు. బస్సులు లేవు కాబట్టి సైకిలు మీదనే వాళ్ల ఊరికి పోయి వచ్చాను. రానూ పోనూ రెండు రోజులు పట్టింది. అక్కడ ఒక ముసలామె దగ్గర అన్నీ దొరికాయి, నాకు వినపడదు కాబట్టి ఆమె మనవరాలు పలక మీద రాసి చూపించింది.

శ్రీరామమూర్తిగారికి నా నమస్కారం చెప్పు. ఆయన గొంతు ఎట్లాంటిది? రెండు గొంతులు కలవాలి కదా.

బక్కయ్య


మన్సూరాబాద్,
10 అక్టోబర్ 2011.

అన్నా,

ఈసారి దాపరికం లేకుండా రాస్తున్నాను. సంతోషి పెండ్లి నువ్వు చేయడం లేదు. సగం కాదు, పావు కాదు. శ్రీరామమూర్తిగారు ఒక్కడే చేస్తాడు. దాసరి చేస్తే బ్యాంకువాళ్ల ముందు తన కులం బయటపడుతుందని చక్రపాణి భయం. నాకు ఆ భయం లేదని చెప్పలేను. ఈ కాలనీలో పదకొండేళ్లుగా కిరాయికి ఉంటున్నాం. ఇంటాయన ఎప్పుడూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

రాయడానికి నాకు నెల పట్టింది. ఇక తిట్టదలిస్తే తిట్టు.

ఇరవై రెండు రోజులుగా సమ్మెలో ఉన్నాం. పొద్దంతా ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర టెంటులో కూర్చుంటున్నాను. జీతం లేదు. సుమిత్ర చీటీ ఎత్తి హాలుకు కట్టింది. ఇంత పరేషాన్‌లో ఇంకొకటి వచ్చి పడింది.

మొన్న శనివారం లగ్నపత్రిక రాయించడానికి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి పోయాను. చక్రపాణి కూడా వచ్చాడు. శ్రీరామమూర్తిగారు కళ్లద్దాలు పెట్టుకుని "పిల్ల గోత్రం?" అన్నాడు. గోత్రం తెలియనివాళ్లు కాశ్యప గోత్రం అని చెప్పుకోవచ్చని డిపోలో ఎవరో అంటే విన్నాను. అదే చెప్పాను. ఆయన కలం ఆపేశాడు.

"చక్రపాణిగారూ, మీరు నిన్న ఫోనులో కాశ్యపనే కదండీ అన్నారు?"

"అవునండి."

"ఇద్దరిదీ ఒకే గోత్రమైతే అన్నాచెల్లెళ్ల వరస అవుతుంది. పెళ్లెలా చేస్తానండీ?"

చక్రపాణి నన్ను చూశాడు, నేను ఆయనను చూశాను. ఇద్దరం ఒకే దొంగతనం చేసి ఒకే గోడ దగ్గర దొరికినట్టయింది. నేను గబుక్కున "కాదండి, మరిచిపోయిన, మాది భరద్వాజ" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి "గోత్రం మరిచిపోతారా?" అన్నాడు. "ఇంట్లో పెద్దవారిని కనుక్కోండి. వీలైతే వారిచేత రాయించుకు రండి" అన్నాడు. బయటికి రాగానే చక్రపాణి నా మీద విరుచుకుపడ్డాడు. "గా ఒక్కటే దొరికిందా నీకు?" అని. ఆయన తెచ్చుకున్నది మాత్రం ఎక్కడిది?

అన్నా, ఇంటి పెద్దవు నువ్వే. ‘మాది భరద్వాజ గోత్రం’ అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టి పంపు. ఇది అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను.

తిరుపతి


బొమ్మలబావి,
17 అక్టోబర్ 2011.

తిరుపతికి,

ఉత్తరం అందింది. పెండ్లి ఎవరిచేత చేయించుకోవాలో అది మీ ఇష్టం.

గోత్రం సంగతి నేను ఆ అయ్యగారితోనే మాట్లాడతాను. బస్సులు మొదలయ్యాయని చెప్పారు. ఆయన చిరునామా నీ ఉత్తరం వెనక ఉంది.

బక్కయ్య


మన్సూరాబాద్,
28 అక్టోబర్ 2011.

అన్నా,

నీకు తృప్తి అయిందా?

నిన్న శ్రీరామమూర్తిగారు పిలిచి నా మూడు వేలు నా చేతిలో పెట్టాడు. "మీ పెళ్లి నేను చేయలేనండీ. మీ అన్నగారు వచ్చి అన్నీ చెప్పారు" అన్నాడు. "కులమా అండి అడ్డం?" అని అడిగాను. "కులం కాదు, అబద్ధం" అన్నాడు. అందరూ అట్లనే అంటారు. డైరీ తెరవనాయన కూడా ఖాళీ లేదనే కదా అన్నాడు.

ఊరి నుంచి పట్నం దాకా వచ్చి, తమ్ముడి ఇంటి గడప తొక్కకుండా, నేరుగా పోయి నా బతుకు విప్పి పెట్టి పోయావు. నేను అడిగింది ఒక్క వాక్యం. అది రాయనంటే రాయనని చెప్పాలి. ఈ పని చేయాలా? నిన్ను పెండ్లి చేయనీయలేదని ఇట్లా తీర్చుకున్నావా?

ఇంకా పంతొమ్మిది రోజులుంది. కార్తీకం, అందరి ముహూర్తాలూ ఇప్పుడే. ఎవరిని అడిగినా పద్దెనిమిది, ఇరవై వేలు అంటున్నారు. చక్రపాణి ఫోన్ ఎత్తడం లేదు. కార్తీకం మొదటి దీపం కూడా సుమిత్ర ఏడ్చుకుంటూ పెట్టింది. సంతోషి నాతో మాట్లాడటం లేదు. నీ పక్షం మాట్లాడుతుంది, నీకు సంతోషమేగా.

పెండ్లికి నువ్వు రాకపోయినా ఫరవాలేదు.

తిరుపతి


బొమ్మలబావి,
3 నవంబర్ 2011.

తిరుపతికి,

నాకు వినపడదు కాబట్టి ఆ అయ్యగారు జవాబులన్నీ పాత క్యాలెండరు వెనక రాసి ఇచ్చారు. ఆ కాగితాలు నా దగ్గర ఉన్నాయి. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నేను అన్నాను: "నేను తిరుపతి అన్ననయ్యా. ఊర్ల మా మాలోళ్ల పెండ్లిళ్లు చేసే దాసరిని. మాకు గోత్రం లేదు. ఉన్నదని రాయమంటున్నడు మావోడు. నేను రాయలేను."

ఆయన రాశారు: "మీరే చేయించేవారైతే నన్నెందుకు పిలిచారు?"

నేను అన్నాను: "వియ్యంకుడు అడిగిండు. నా తమ్ముని మాట పోవద్దు. మీరే చెయ్యాలె. నేను కింద కూసుంట."

ఆయన ఇంకో క్యాలెండరు కాగితం చింపారు. తరువాత ఇది రాశారు: "గోత్రం లేకపోతే పేర్లతోనే చేస్తాను. ఇదివరకూ చేశాను. మీ తమ్ముణ్ణి ఒక్కసారి వచ్చి ఇదే మాట నాతో చెప్పమనండి. చాలు."

వింటున్నావా? ఆయనను చేయమని నేను బతిమిలాడి వచ్చాను. చేతులు జోడించి బతిమిలాడాను. నీ ఇంటికి రాలేదు, నిజమే. వస్తే నువ్వు అరుస్తావు, నాకు వినపడదు, వాడకట్టుకంతా వినపడుతుంది. అందుకని ఊరికి రాగానే అంతా ఒక కార్డు మీద రాసి ఇరవై రెండున డబ్బాలో వేశాను. పండుగ సెలవుల్లో అది ఎక్కడ ఆగిందో. అది చేరేలోపే నువ్వు ఆయన దగ్గరికి పోయావు. ఉత్త చేతులతో పోలేదు.

నువ్వు తీసుకుపోయిన కాగితం ఆయన నాకే పంపారు. "ఇది మీరు రాసినదేనా?" అని కింద రాసి. ‘మాది భరద్వాజ గోత్రం’ అని ఉంది. బక్కయ్య అని సంతకం ఉంది. క వత్తు కింద కొక్కెం ఉంది. ఆ కొక్కెం మాన్పించడానికి నీకు రెండో తరగతిలో ఎన్ని దెబ్బలు కొట్టానో నీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది.

ఆ కాగితం ఆయనకు ఇచ్చిన సంగతి నువ్వు నాకు రాయలేదు. నేను నీ బతుకు విప్పి పెట్టానని మాత్రం రాశావు.

మన నాయిన చనిపోయినప్పుడు నీకు ఆరేళ్లు. ఆయన పేరు చెప్పి నిన్ను బడిలో చేర్పించాను. ఆ పేరు చాలలేదా నీకు?

నీ వదిన నన్ను పట్టుకుని ఏమైందని అడుగుతున్నది. చెప్పలేదు.

బక్కయ్య


మన్సూరాబాద్,
7 నవంబర్ 2011.

అన్నా,

నీ కార్డూ, ఉత్తరమూ ఒకే రోజు అందాయి. ముందు కార్డు చదివాను. అది పది రోజుల ముందు చేరి ఉంటే అని ఒక నిమిషం పోస్టు మీద కోపం తెచ్చుకున్నాను. తరువాత ఉత్తరం చదివాను. పోస్టు తప్పేమీ లేదు.

ఆ కాగితం డిపోలో కూర్చుని రాశాను. నీ సంతకం నాలుగుసార్లు ప్రాక్టీసు చేశాను. ఇది నీకు చెప్పకపోతే నేను అన్నం తినలేను.

నిన్న పొద్దున శ్రీరామమూర్తిగారి దగ్గరికి పోయి "మాకు గోత్రం లేదండి. కాగితం నేనే రాసిన" అన్నాను. "ఈ ముక్క మొదటే అంటే ఎంత బావుండేదండీ. ఆ రోజు ఇంకొకరికి మాటిచ్చేశాను" అన్నాడు. ఈసారి మజ్జిగ రాలేదు. ఆమె ఇంట్లో లేదేమో. లేదో, ఉండి కూడా ఇవ్వలేదో. ఇట్లాంటివి లెక్కపెట్టుకునే బతుకైంది నాది.

అక్కడి నుంచి సరూర్‌నగర్ పోయి చక్రపాణికి అంతా చెప్పాను. కొట్టేస్తాడనుకున్నాను. కుర్చీలో కూలబడి "మాది గూడ బ్యాంకుల చేరినప్పుడు ఎవరినో అడిగి పెట్టుకున్నదే బావా" అన్నాడు. అంతలోనే లేచి "అయితే ఏంది? అయ్యగారు లేకుంట పెండ్లి ఎట్లయితది?" అని మొదటికి వచ్చాడు. పద్దెనిమిది వేలకు ఒకాయన దొరికాడు. అప్పు తెద్దామనుకున్నాను.

అప్పుడు మా ఇంట్లో జరిగింది సంతోషి కిందనే రాస్తానంటున్నది.

‘పెదనాయినా, నేను సంతోషిని. పద్దెనిమిది వేల ఆయనను వద్దన్నది నేనే. ఎవరూ దొరకక నిన్ను పిలుస్తున్నామనుకోకు. దొరికినా వద్దన్నాను. కృష్ణతో ఫోనులో చెప్పాను, "మా పెదనాయిన చేస్తేనే కూసుంట" అని. రాత్రంతా వాళ్లింట్లో లొల్లి అయింది. మామయ్య ఒప్పుకున్నాడు గాని, నామం పెట్టుకోకుండా, శంఖం ఊదకుండా చేయాలంటున్నాడు. నువ్వు ఎట్లా వస్తే నాకు అట్లనే ఇష్టం. పెద్దమ్మను కూడా తీసుకురా.’

అన్నా, రావాలి. రావద్దని రాసిన చెయ్యి కూడా నాదే.

తిరుపతి


బొమ్మలబావి,
10 నవంబర్ 2011.
(మన ఊరి గోపయ్య చేతికిచ్చి పంపుతున్నాను.)

తిరుపతికి, సంతోషికి,

వస్తాను. మూడు సంగతులు ముందే రాస్తున్నాను, మళ్లీ ఒకటి రాస్తే ఒకటి అర్థం చేసుకోవద్దు.

నామం పెట్టుకునే వస్తాను. శంఖం ఊదుతాను. అవి లేకుండా నేను చేస్తే అది నేను చేసినట్టు కాదు.

ఆ అయ్యగారికి ఇస్తానన్న తొమ్మిది వేలు నాకు ఇవ్వాలి. ఇంట్లోవాడే కదా అని అయిదు సేర్ల బియ్యానికి ఒప్పుకున్నది నా పొరపాటు. ఒకరికి తొమ్మిది వేల పని ఇంకొకరికి ఉత్త పని ఎట్లా అవుతుంది? సమ్మెలో నీకు జీతం రాలేదని తెలుసు. అయినా ఇవ్వాలి.

మూడోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా గొంతు నాకు వినపడదు. రెండేళ్లుగా నన్నెవరూ పెండ్లికి పిలవడం లేదు. చివరిసారి చేసినప్పుడు జనం నవ్వుతున్నట్టు మొహాల్లో కనిపించింది. ఎందుకు నవ్వారో ఎవరూ చెప్పలేదు. తమ్ముడి ఇంట్లో అయితే నవ్వరు కదా అని నేను ఇంత ఆశపడ్డాను. నవ్వితే నవ్వనీ. నువ్వు మాత్రం తల దించుకోకు.

బక్కయ్య


మన్సూరాబాద్,
4 డిసెంబర్ 2011.

అన్నకు, వదినకు దండాలు.

పెండ్లి నువ్వే చేశావు, అన్నీ నీ కళ్లతోనే చూశావు. వినలేదు కాబట్టి విన్నది రాస్తున్నాను. పోయేటప్పుడు దాచకుండా రాయమన్నావు.

నీ గొంతు చాలా పెద్దగా వచ్చింది. శంఖం ఊదగానే బ్యాండువాళ్లు ఆపేసి లోపలికి తొంగి చూశారు. బ్యాంకువాళ్ల వరుసలో ఇద్దరు నవ్వారు. "మైకెందుకు పెట్టిన్రు ఈయనకు?" అని ఒకాయన అన్నాడు. నేను తల దించుకోలేదు. దించుకోవాలనిపించింది, నిజం చెప్తున్నాను, కాని దించుకోలేదు.

పుస్తెకు ముందు మన ఇంటి పేర్లు చెప్పి, చక్రపాణి ఇంటివి మొదలుపెట్టావు. "పిచ్చయ్య" అనగానే చక్రపాణి తల్లి కౌసల్యమ్మ కుర్చీలోంచి లేచింది చూశావా? ఆమె నీతో ఏదో అన్నది, నువ్వు దీవించమంటున్నదనుకుని అక్షింతలు వేశావు. ఆమె అన్నది ఇది: "మా మామ పేరు. నన్ను కొడుకు పెండ్లాంలెక్క గాదు, బిడ్డలెక్క చూసిండు. యాభై ఏండ్లాయె గా పేరు ఎవలన్న పిలువంగ." నవ్విన ఇద్దరూ ఆ తరువాత నవ్వలేదు.

మంచిగా జరిగిందని ఇక్కడ ఆపితే బాగుండేది. పోయిన వారం వీడియో వచ్చింది. నీ భాగం చక్రపాణి తీయించేశాడు. పుస్తె కట్టడం ఉంది, కట్టించిన చెయ్యి ఉంది, మనిషి లేడు. నేను అడిగితే "నిడివి ఎక్కువైంది బావా" అన్నాడు.

నిన్న వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. కొత్త అయ్యగారిని పెట్టారు. పీటల మీద కృష్ణ, సంతోషి. "గోత్రం?" అని అడగగానే చక్రపాణి వెనక నుంచి "కాశ్యప" అన్నాడు. సంతోషి తల ఎత్తి "కాదండి. మాకు గోత్రం లేదు, పేర్లున్నయి" అన్నది. ఆ అయ్యగారు చిన్నవాడు. "అయితే పేర్లే చెప్పమ్మా" అన్నాడు. అది చెప్పింది, నువ్వు చెప్పినట్టే, చక్రపాణి, ఎల్లయ్య, పిచ్చయ్య, సాయిలు. అయిదో పేరు దానికి గుర్తు రాలేదు. అందరూ చక్రపాణి వైపు చూశారు. ఆయనకు నాలుగోదే తెలియదు.

సాయంత్రం నేను చెప్పులు వేసుకుంటుంటే వెనకనే వచ్చాడు. "మీ అన్నను అడిగి గా మిగిలిన పేర్లు రాయించు బావా. మళ్లొకసారి అందరి ముందల నోరు తెరుసుకొని నిలబడలేను" అన్నాడు. మంచి మనసుతో అడిగాడో, పరువు కోసం అడిగాడో నాకు తెలియదు. అడిగాడు కాబట్టి రాస్తున్నాను.

తొమ్మిది వేలలో మిగిలిన నాలుగు వేలు వచ్చే నెల జీతంలో పంపుతాను.

తిరుపతి


బొమ్మలబావి,
12 డిసెంబర్ 2011.

చిరంజీవులు తిరుపతి, సుమిత్ర, సంతోషి, కృష్ణలకు బక్కయ్య, కిష్టమ్మల దీవెనలు.

నవ్వినవాళ్లు ఇద్దరేనా? నేను పదిమంది దాకా అనుకున్నాను.

వీడియో సంగతి చదివి మనసు కష్టపడింది. కౌసల్యమ్మ అన్న మాట నువ్వు రాయకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ కాగితం ముక్క చింపి వేరే పెట్టుకున్నాను.

పేర్లు రాసుకోండి. అయిదో ఆయన ముత్తయ్య, చెప్పులు కుట్టడం కూడా వచ్చట. ఆరో ఆయన బుచ్చయ్య. ఏడో పేరు లచ్చమ్మ.

మగవాళ్ల వరుసలో ఆడపేరు ఎట్లా వచ్చిందని చక్రపాణి అడుగుతాడు. నేనూ ఆ ముసలామెను అడిగాను. ఒక కరువు కాలంలో లచ్చమ్మ ఒక్కతే, చంకలో బుచ్చయ్యతో, ఆ ఊరికి నడిచి వచ్చిందట. వాడకట్టువాళ్లు గుడిసె వేసి ఇచ్చారట. ఎవరి భార్యో, ఎక్కడి మనిషో, ఏ ఇంటిదో ఆమె చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మీ
బక్కయ్య